వంటింటి కొలతలు, వాకిటి చదువులు

(హనుమకొండలో చిన్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న తల్లిదండ్రులకు, మనుమలను చంకనేసుకొని వచ్చిన నాయనమ్మలకు, అమ్మమ్మలకు, తాతలకు నమస్కారం.

ఇల్లు పొదుపుగా నడుపుకోవడం గురించి ఒకరు, చిన్న పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకోవడం గురించి మరొకరు మాట్లాడితే బాగుంటుందని నిర్వాహకులు మొదట అనుకున్నారు. రెండూ నేనే మాట్లాడతానని అడిగి తీసుకున్నాను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఆ రెండింటినీ విడదీయడం ఎలాగో నాకు తెలియదు. డబ్బు మిగిల్చే ఇంటి పనుల్లో చాలా వరకు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చేస్తే ఆ వయసుకు కావలసిన లెక్క, భాష, చేతి పని, పరిశీలన అన్నీ అందులోనే వస్తాయి. అవే పనులను బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చి పక్క గదిలో కూర్చోబెట్టి చేస్తే మనకు మిగిలేది చాకిరీ ఒక్కటే. అయితే ఈ మాటకు నేను పెట్టే షరతు ఒకటుంది. అది తల్లి సమయానికి సంబంధించినది కాబట్టి, ఇంటి పనుల గురించి చెప్పాక దాని దగ్గరికి వస్తాను.

ముందు ఖర్చు సంగతి. పద్దు రాసే అలవాటు లేని ఇంటికి పొదుపు ఉపాయాలు చెప్పి లాభం లేదు. పాత నోటుపుస్తకంలో ఒక్క నెలపాటు పాలు, కూరగాయలు, బిస్కెట్లు, డైపర్లు, ఆటో కిరాయిలు రాసి చూసుకుంటే, పిల్లల పేరిట వెళ్ళే డబ్బు ఏ దారిన వెళ్తున్నదో తెలుస్తుంది. ఒక్క డైపర్ల లెక్కే చూడండి. రోజుకు ఐదు, ఒక్కొక్కటి పది రూపాయలు అనుకుంటే నెలకు 1500 రూపాయలు. పాత నూలు చీరలు, పంచెలు చింపి నాలుగు మడతలు వేసి కుట్టుకున్న గుడ్డలను పగలు ఇంట్లో వాడి, డైపరును రాత్రి నిద్రకు మాత్రమే ఉంచుకుంటే అదే ఖర్చు 300కు దిగుతుంది. ఉతుకు పెరుగుతుందని, వానాకాలంలో గుడ్డలు ఆరవని మీరు అంటారు, అది నిజమే. ఆ రెండు మూడు నెలలు డైపర్లే కొనుక్కోండి. ఏడాదంతా ఒకే నియమం పట్టుకొని తల్లి కష్టపడాలని ఎవరూ చెప్పలేదు.

తిండి దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలే చాలు. ఆ తర్వాత పెట్టే మెత్తని ఆహారం కోసం మందుల దుకాణంలో దొరికే డబ్బాల మీద చాలా ఇళ్ళు ఆధారపడుతున్నాయి. మన అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. అది ఉచితం. ఉచితం కాబట్టే కొందరికి నామోషీ. అంగన్‌వాడీకి వెళ్ళి పేరు రాయించుకోవడం తక్కువతనమని అనుకునే ఉద్యోగుల ఇళ్ళను నేను చూశాను. ఆ ఇళ్ళే డబ్బా పొడికి వందల రూపాయలు పెడుతున్నాయి. ఇంట్లోనే చేసుకోదలచినవారు రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, పిండిగా విసిరి జల్లించుకోవచ్చు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి కాబట్టి, మొలకల పిండితో కాచిన జావ చిక్కబడకుండా జారుడుగా ఉంటుంది. అంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పోసి కాచినా బిడ్డ మింగగలడు. చిన్న పొట్ట ఉన్న బిడ్డకు ఇది పెద్ద సౌకర్యం. ఇంట్లో పెద్ద బిడ్డ మూడేళ్ళవాడో నాలుగేళ్ళవాడో ఉంటే ఆ మూటను పొద్దున, సాయంత్రం వాడిచేతనే విప్పించండి. నిన్న లేని తెల్లని మొన ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందని వాడు అడుగుతాడు. మీరు వెంటనే జవాబు చెప్పకండి. నాలుగు గింజలు తడి లేకుండా వేరే గిన్నెలో ఉంచి, వాటికి మొలక ఎందుకు రాలేదో వాడినే చెప్పమనండి.

ఇక ఏడాది గింజల విషయం. ఏనుమాముల మార్కెట్ పక్కనే ఉన్న మనం కిలో కారం పొట్లం చొప్పున ఏడాదంతా కొనుక్కోవడం నాకు వింతగా ఉంటుంది. మిర్చి యార్డుకు బాగా వచ్చేది సంక్రాంతి తర్వాత మూడు నాలుగు నెలలు. కందులు వచ్చేది, చింతపండు దొరికేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అప్పుడు నాలుగైదు ఇళ్ళు కలిసి బస్తాగా కొని పంచుకుంటే, దుకాణానికి పోయే లాభంలో కొంత మన దగ్గరే ఉంటుంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా, కండగా ఉండి కారం తక్కువగా ఉండే ఆ రకాన్ని మామూలు మిర్చితో కలిపి పట్టిస్తే రంగు బాగా వస్తుంది, పిల్లలకు ఘాటూ తగ్గుతుంది. బియ్యం సంగతి మారింది. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి, నలుగురున్న ఇంటికి 24 కిలోలు వస్తాయి. వారు క్వింటాళ్ళ కొద్దీ నిలవ చేయనవసరం లేదు. కార్డు లేనివారు తెలిసిన రైతు దగ్గర వానాకాలం పంట కొని, కొత్త బియ్యం ముద్దవుతాయి కనుక కొన్నాళ్ళు పాతబడనిచ్చి వాడుకోవచ్చు. పప్పుకు కాస్త ఆముదం పట్టించడం, బియ్యంలో ఎండిన వేపాకు వేయడం మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు, వారిని అడగండి.

నిలవ చేసిన గింజలను రోజూ కొలవాలి. నేను ఈ సభకు వచ్చింది ముఖ్యంగా ఈ కొలతల కోసమే. అటక మీద ఎక్కడో పడి ఉన్న సోల, తవ్వ, మానిక దింపి తోమి పెట్టండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అడుగడుగునా రెట్టింపయ్యే ఈ వరుసను ఐదేళ్ళ బిడ్డ చేతులతో నింపి, ఒంపి నేర్చుకుంటే, తర్వాత బడిలో రెండో ఎక్కం, సగం, పావు అన్న మాటలు వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ ఉంటుంది. ఆరేడేళ్ళ పిల్లలను ఇంకా కొన్ని అడగవచ్చు: మానెడు బియ్యంలో తవ్వెడు వండితే ఎంత మిగిలింది? కుంచెడులో ఎన్ని సోలలు? సోలెడు బియ్యం, సోలెడు అటుకులు తూకంలో ఒకటేనా? ఈ మూడో ప్రశ్న దగ్గర పెద్దవాళ్ళు కూడా ఒక క్షణం ఆగుతారు. త్రాసు లేకపోతే కిరాణా దుకాణానికి తీసుకువెళ్ళి తూయించండి. దుకాణదారు విసుక్కోడు, పిల్లలు అడిగితే ఉత్సాహంగా తూచి చూపిస్తాడు.

ఇక్కడే పిల్లల మనసు గురించి తెలిసి ఉండవలసిన సంగతి ఒకటి ఉంది. సన్నని పొడవైన గ్లాసులో పోసిన నీళ్ళను వెడల్పాటి గిన్నెలోకి ఒంపితే, నాలుగైదేళ్ళ బిడ్డ ‘నీళ్ళు తగ్గాయి’ అంటాడు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే దీన్ని గమనించి, సుమారు ఏడేళ్ళ వరకు చాలామంది పిల్లలు ఎత్తును చూసే ఎక్కువ తక్కువలు నిర్ణయిస్తారని చెప్పాడు. మీ బిడ్డ అలా అన్నప్పుడు తప్పని కోప్పడవద్దు, సరిదిద్దే తొందరా వద్దు. తిరిగి గ్లాసులోకి ఒంపి చూపించి ఊరుకోండి. ఎన్నోసార్లు ఒంపాక ఒకరోజు తనంతట తానే ‘అవే నీళ్ళు కదా’ అంటాడు. ఆ మాట వర్క్‌బుక్కులో టిక్కు పెట్టడం వల్ల రాదు. ఎల్.కె.జి. పిల్లలకు కూడికల పుస్తకాలు ఇచ్చి, రాత్రి తొమ్మిదింటికి తల్లి చేత హోంవర్క్ రాయించే పద్ధతి మీద నాకున్న కోపమంతా దీని నుంచి పుట్టిందే.

రాత సంగతి కూడా అటువంటిదే. మూడున్నరేళ్ళ బిడ్డ వేళ్ళలో పెన్సిలును అదుపు చేసే బలం ఇంకా రాదు. చిక్కుడుకాయలు ఒలవడం, గోరుచిక్కుడు నార తీయడం, పప్పులో మట్టిబెడ్డలు ఏరడం, మెంతికూర ఆకు తుంచడం, సర్వపిండి ముద్దను గిన్నె అడుగున వేళ్ళతో పలుచగా ఒత్తి గుంటలు పెట్టడం, ఇవన్నీ బొటనవేలికి, చూపుడువేలికి పని చెప్పేవే. గిన్నె చల్లగా ఉన్నప్పుడే బిడ్డ చేత ఒత్తించి, పొయ్యి మీదికి పెద్దవాళ్ళే ఎక్కించాలి. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతగింజలు, గచ్చకాయలు, శనగలు చేతికి ఇచ్చి పక్కకు వెళ్ళకండి; గాలిగొట్టంలో ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పల్లీలు ఐదేళ్ళు వచ్చేదాకా పలుకులుగా కాకుండా పొడిచేసి పెట్టడమే మేలు. నీటి సంపు మీద మూత ఉండాలని వేరే చెప్పనక్కరలేదు గానీ, ఉన్న మూతను బిడ్డ జరపగలడేమో ఇంటికి వెళ్ళగానే చూసుకోండి.

ఆట వస్తువులకు పెట్టే ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. అష్టాచెమ్మకు గచ్చు మీద అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీయడానికి సుద్దముక్క, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతగింజలు కావాలి. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. ఆట మొదలుపెట్టిన బిడ్డ ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెడతాడు. కొన్నాళ్ళకు వేలు పెట్టడం మానేసి, మూడు పడగానే కాయను తిన్నగా తీసుకువెళ్ళి మూడో గడిలో పెడతాడు. మరికొన్నాళ్ళకు ఎదుటి కాయను చంపాలంటే తనకు ఎంత పడాలో పందెం వేయకముందే చెబుతాడు. కూడిక, తీసివేత అక్కడే వచ్చేశాయి. ఓడిపోవడం నేర్చుకోవడం కూడా అక్కడే జరుగుతుంది, అయితే దానికి తాతగారు ప్రతిసారీ కావాలని ఓడిపోకుండా ఉండాలి.

భాష విషయంలో తల్లిదండ్రులకు ఉన్న భయం నాకు తెలుసు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడకపోతే బిడ్డ వెనకబడతాడని మీ భయం. 2020 జాతీయ విద్యా విధానం సైతం వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని చెప్పింది. బిడ్డకు ముందు కావలసింది తాను చూసినదాన్ని, తనకు జరిగినదాన్ని మొదలు నుంచి చివరి దాకా చెప్పగలగడం. అది ఇంట్లో మాట్లాడే తెలుగులో, మన వరంగల్ యాసలోనే రావాలి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకొని, మరునాడు ‘గట్ల అనొద్దు’ అని బిడ్డను దిద్దడం సరి కాదు. చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లసుద్ద పట్టించి, కథను గడులు గడులుగా బొమ్మలు గీసిన పటాలు తయారుచేస్తే, కథకులు ఆ పటాన్ని విప్పుతూ ఊరూరా కథలు చెప్పేవారు. ఆ పద్ధతిని ఇంట్లో వాడుకోండి. పాత క్యాలెండరు కాగితాలను వెనకవైపు తిప్పి ఒకదానికొకటి అంటించి, నిన్న అంగడికి వెళ్ళి వచ్చిన సంగతిని బిడ్డ చేత గడికొక బొమ్మగా గీయించి, గోడకు తగిలించి, సాయంత్రం తండ్రి రాగానే చెప్పించండి. బిడ్డ చెప్పిన మాటనే ప్రతి బొమ్మ కింద మీరు పెద్ద అక్షరాలతో రాయండి. తాను అన్న మాట కాగితం మీద నిలిచి ఉంటుందని, మరునాడు చదివినా అదే మాట వస్తుందని గ్రహించిన బిడ్డకు అక్షరాల మీద ఆసక్తి దానంతటదే కలుగుతుంది. అప్పుడు తన పేరులోని అక్షరాలు, ఆ తర్వాత తల, వల, కల వంటి చిన్న మాటలు చెప్పుకోవచ్చు. పెళ్ళి శుభలేఖలు మన ఇళ్ళలో కట్టలుగా పడి ఉంటాయి. అక్షరాల అట్టలకు అంతకంటే మంచి దళసరి కాగితం కొన్నా దొరకదు. పుస్తకాలు కొనవలసిన పని కూడా అంతగా లేదు. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించుకున్న ఊరు మనది. ఈ ఊళ్ళో పుట్టిన బిడ్డ గ్రంథాలయం మెట్లు ఎక్కకుండా పెద్దవాడైతే ఆ లోపం మనదే.

ఏడాదిలో బతుకమ్మ వచ్చే తొమ్మిది రోజులను వదులుకోవద్దు. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను రంగును బట్టి, కాడ పొడవును బట్టి వేరు చేయడం, గునుగు కాడలను సమానంగా కోసి కట్టలు కట్టి రంగులో ముంచడం, కింద వెడల్పుగా మొదలైన వరుస పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంటే ఏ వరుసకు ఎన్ని పూలు పట్టాయో చూడడం, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది పేర్లను క్రమంగా గుర్తుపెట్టుకోవడం, చప్పట్ల లయకు తగ్గట్టు ఉయ్యాలో అని పాడడం, వీటన్నిటినీ పూర్వ ప్రాథమిక విద్య పుస్తకాల్లో వర్గీకరణ, క్రమం, లయ అని వేరువేరు అధ్యాయాలుగా రాస్తారు. మనం మార్కెట్లో కట్టిన బతుకమ్మను కొనుక్కొచ్చి, పిల్లలకు కొత్త బట్టలు తొడిగి ఫోటోలు తీస్తున్నాం.

బట్టల మాట వచ్చింది కాబట్టి, కుట్టించేటప్పుడు అంచు లోపలికి నాలుగు వేళ్ళ మడత పెట్టించుకుంటే పెరిగే బిడ్డకు మరో ఏడాది వస్తాయి. ఇరవై ఒకటో రోజు, పుట్టువెంట్రుకలు, మొదటి పుట్టినరోజు అని మనం పెట్టే విందుల గురించి మాట్లాడితే నన్ను మళ్ళీ సభలకు పిలవరు. ఆడపిల్ల ఉన్నవారు ఆ విందులో ఒక బంతి తగ్గించినా, తపాలా కార్యాలయంలో సుకన్య సమృద్ధి ఖాతా తెరవడానికి సరిపోతుందని మాత్రం చెబుతాను. పదేళ్ళ లోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు.

ఫోన్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగానే చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. అయితే ఫోన్ ఇచ్చిన తల్లిని తప్పుపట్టడానికి ముందు, ఆ సమయంలో ఆమె ఏ పనిలో ఉందో చూడాలి.

మొదట చెప్పిన షరతు ఇదే. పొదుపు గురించి చెప్పేవారిలో చాలామంది ఆడవాళ్ళ గంటలకు ఖరీదు కట్టరు. మొలకల పిండి చేయడం, గుడ్డలు ఉతకడం, కారం పట్టించడం, బిడ్డతో పప్పు ఏరించడం, ఇవన్నీ డబ్బు మిగిలిస్తాయి గానీ సమయాన్ని తింటాయి. బిడ్డ సాయం చేస్తే పని రెండింతల సేపు పడుతుంది, ఇది దాచవలసిన విషయం కాదు. జగిత్యాల వైపో నిజామాబాద్ వైపో ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే తల్లికి గంట అంటే కూలి డబ్బు. ఉద్యోగం చేసే తల్లికి సాయంత్రం మిగిలేదే రెండు గంటలు. కాబట్టి పొదుపు పనులన్నీ ఒకే మనిషి నెత్తిన పెట్టేటట్లయితే, నేను ఇంతవరకు చెప్పినదంతా మరిచిపోయి డబ్బా పొడి కొనుక్కోండి. అంగడికి బిడ్డను తీసుకువెళ్ళడం, బియ్యం కొలిపించడం, స్నానం, రాత్రి కథ, ఈ నాలుగూ తండ్రి చేయగలిగినవే. వీటిలో ఏ ఒక్కటీ పాలివ్వడం వంటిది కాదు. నాయనమ్మ, తాత ఉన్న ఇంట్లో అష్టాచెమ్మ, కథలు వారి వంతు. ఎవరూ లేని చిన్న కాపురాలు ఒకే గల్లీలో మూడు నాలుగు ఉంటే, ఆదివారం పొద్దున ఒక్కో వారం ఒక్కో ఇల్లు పిల్లలందరినీ చూసుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. మిగతా ఇళ్ళవారికి ఆ పూట తీరిక దొరుకుతుంది. ఆ పూట వండి పెట్టే తిండి సాదాగా ఉండాలని మాత్రం ముందే ఒప్పందం చేసుకోండి, లేకపోతే నాలుగో వారానికి అది పోటీగా మారుతుంది.

ఆ ఆదివారాల్లో తీసుకువెళ్ళడానికి మనకు చోట్ల కొరత లేదు. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నిలిచిన నాలుగు కీర్తి తోరణాల మధ్య నిలబెట్టి, పొద్దున ఎండ ఏ తోరణం వైపు నుంచి వస్తున్నదో అడిగితే తూర్పు ఎటో బిడ్డకు మళ్ళీ చెప్పనక్కరలేదు. కాజీపేటలో ఒక రైలు సికింద్రాబాద్ వైపు, ఒకటి బల్లార్షా వైపు, ఒకటి విజయవాడ వైపు వెళ్తాయి; గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టడం ఏ పిల్లవాడూ వద్దనని పని. 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. అక్కడికి తీసుకువెళ్ళే ముందు ఇంట్లో బకెట్టు నీళ్ళలో ఇటుక ముక్క, ఎండిన సొరకాయ బుర్ర, కొబ్బరి చిప్ప, ఇనుప గరిటె వేయించి, ఏది మునుగుతుందో ముందే ఊహించి చెప్పమనండి. అప్పుడు గుడి దగ్గర చెప్పిన మాట వాళ్ళకు ఎక్కుతుంది.

చివరగా, బడి మానిపించి పూర్తిగా ఇంట్లోనే చదివించవచ్చునా అని మీలో కొందరు ముందే రాసి పంపిన ప్రశ్నకు జవాబు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. ఆరేళ్ళ లోపు బిడ్డను బడిలో వేయాలన్న నిర్బంధం ఆ చట్టంలో లేదు, కాబట్టి ఎల్.కె.జి., యు.కె.జి. రుసుములు కట్టలేకపోతున్నామని బాధపడేవారు నిశ్చింతగా ఇంట్లో, అంగన్‌వాడీలో చదివించుకోండి. ఆరు దాటాక ఇంటి చదువు గురించి చట్టం ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. బడికి వెళ్ళకుండా చదువుకునేవారి కోసం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) నడిపే ప్రాథమిక కార్యక్రమంలో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం. ఆ సంస్థ పదో తరగతి పరీక్షకు కనీస వయసు 14 ఏళ్ళు. ఆ దారి ఉన్నా, ఇద్దరూ పనికి వెళ్ళే ఇంట్లో నేను దాన్ని సిఫారసు చేయను. ఆరేళ్ళు నిండాక దగ్గరలోని ప్రభుత్వ బడిలో చేర్చి, సాయంత్రం రెండు గంటలు నేను చెప్పిన పద్ధతిలో గడపడమే చాలా కుటుంబాలకు సాధ్యమయ్యే పని. ఏ దారి పట్టినా జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు, ఆధార్ ఒక సంచిలో పెట్టి ఉంచుకోండి. బిడ్డ గీసిన కాగితాలపై తేదీ వేసి దాచండి, రేపు ఏ బడిలో చేర్చినా ఆ ఉపాధ్యాయురాలికి మీ బిడ్డ గురించి అవి చెప్పినంత మార్కుల కాగితం చెప్పదు. సోల, తవ్వ, మానిక నేను వెంట తెచ్చాను, ఆ బల్ల మీద బియ్యంతో సహా ఉన్నాయి. పిల్లలను అక్కడికి పంపి, మీరు ప్రశ్నలు అడగండి.